కార్డు నాచారంది

ఉప్పల్,
జూన్ రెండో వారం

చిరంజీవి సాత్విక్‌కు,

ఎంత కోపంలో ఉన్నా ఆశీస్సులు ఎగ్గొట్టే అలవాటు మన ఇంట్లో లేదు కాబట్టి ముందు అవి తీసుకో. ఇక అసలు సంగతి.

నిన్న భోజనాలయ్యాక శిక్షణ మధ్యలో ఎక్కడికి పోయావు? కడుపు నొప్పి అని విక్రమ్‌తో చెప్పించావు. నేను నీ మేనత్తను నాయనా, నీ కడుపు నొప్పులు ఎల్‌కేజీ నుంచి చూస్తున్నాను. బిడ్డ తల ఎటు ఉందో పొట్ట మీద చెయ్యి పెట్టి ఎలా తెలుసుకోవాలో నేను బొమ్మ మీద చూపిస్తుంటే, సగంమంది డాక్టర్లు బల్లల కింద ఫోన్లలో పీజీ ఎంట్రన్స్ ప్రశ్నలు చదువుకుంటున్నారు. ఇద్దరు హాయిగా నిద్రపోయారు. ఒకాయన లేచి, "మేడం, స్లైడ్లు గ్రూపుల పెడ్తరా?" అన్నాడు. ఏం పెట్టాలిరా స్లైడ్లు? నిండు గర్భిణి వచ్చి పడుకుంటే ఆమె పొట్ట మీద ఫోన్ పెట్టి చూస్తాడా? గోడకు చెప్పుకున్నా ఒక్కటే, మీకు చెప్పుకున్నా ఒక్కటే.

రిటైరయ్యాక రామంతాపూర్‌లో నా ఇంట్లో నేను కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. మీకు శిక్షణ ఇప్పించే ఈ ట్రస్టువాళ్లు పిలిస్తే ఎందుకు ఒప్పుకున్నానంటే, నా ఉద్యోగమంతా పెద్దాసుపత్రిలో ఆఖరు నిమిషంలో వచ్చినవాళ్లను చూడడంతోనే గడిచింది. మూర్ఛలతో వచ్చినవాళ్లు, రక్తం పోయి తెల్లగా పాలిపోయి వచ్చినవాళ్లు. అందులో చాలామంది అంతకుముందు మీలాంటి చిన్న దవాఖానా మెట్లు ఎక్కినవాళ్లే. అక్కడ ఎవరో ఒకరు బీపీ సరిగ్గా చూసి ఉంటే నా దాకా అలా వచ్చేవాళ్లు కాదు. ఆ ఎవరో ఒకరు మీరు కావాలని నా ఆశ.

నువ్వు లేని పూట నేను రెండు రూల్స్ పెట్టాను. మొదటిది, గర్భిణి కార్డు ఎవరి దవాఖానాలో రాశారో, కాన్పయ్యేదాకా ఆ మనిషి ఆ డాక్టర్ బాధ్యత. "మా ఏరియా కాదు" అంటూ మనిషిని బంతిలా ఒకరి మీదికి ఒకరు నెట్టుకునే ఆట నా దగ్గర చెల్లదు. రెండోది, ప్రతి డాక్టరూ ఒక్క గర్భిణిని ఎంచుకుని ఆమె గురించి నాకు ఉత్తరాలు రాయాలి. చేత్తో. నీకైతే ఇది మరీ అవసరం. ఫోన్లో నేను ఏది చెప్పినా "సరే అత్తమ్మా" అంటావు. కాగితం మీద ఒక్క "సరే"తో పేజీ నిండదు కదా.

పోస్టులో వేయకు, నాచారం నుంచి ఉప్పల్‌కు రావడానికి ఊరంతా తిరుగుతుంది. మీ దగ్గర రక్తం శాంపిళ్లు తీసుకుని ల్యాబుకు వచ్చే వ్యాను డ్రైవర్ రామస్వామికి ఇవ్వు. ల్యాబు పైఅంతస్తే మా హాలు.

మీ నాన్నకు ఇంకా ఏమీ చెప్పలేదు.

అత్తమ్మ,
దుర్గాభవాని


నాచారం,
జూన్ ఆఖరు

అత్తమ్మకు నమస్కారాలు.

కడుపు నొప్పి అబద్ధమే. ఒప్పుకుంటున్నాను. కానీ మీరు ఒక్క పూట నా కుర్చీలో కూర్చుని చూడండి, మీకు నిజంగానే వస్తుంది.

పొద్దున తలుపు తీయకముందే గల్లీ చివరిదాకా లైను. జ్వరాలు, దగ్గులు, షుగరు, ఫ్యాక్టరీలో వేళ్లు తెగినవాళ్లు. ఈ మధ్యలో గర్భిణులు. వాళ్లకు నేను డాక్టర్‌లా కనిపించను. నిన్న ఒకామె లోపలికొచ్చి నన్ను దాటి చూసింది.

"డాక్టరమ్మ ఎప్పుడొస్తది?"

"నేనే డాక్టర్‌ను."

"మీరు గాదు సార్. ఆడ డాక్టరు."

"ఇక్కడ నేనొక్కడినే ఉంటానమ్మా."

"అయితె సిస్టర్‌తోని మాట్లాడుకుంట తియ్," అని నర్సు పద్మశ్రీ దగ్గరికి వెళ్లిపోయింది. పద్మశ్రీ నన్ను చూసి నవ్వాపుకుంటుంది. పొట్ట మీద చెయ్యి పెట్టి చూడమంటారు మీరు. చెయ్యి కాదు కదా, మాట కూడా తగలనివ్వడం లేదు.

అయినా మీ ఆజ్ఞ ప్రకారం ఒకామెను ఎంచుకున్నాను. పేరు భాగ్యశ్రీ. దవాఖానాకు ఎదురిల్లే వాళ్లది. జనగామ దిక్కు నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. ఆమె బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది, భర్త చంద్రశేఖర్ సరుకుల బండి నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. తొలిచూలు, అయిదో నెల. అత్త ఉప్పలమ్మ వెంట వచ్చింది. ప్రశ్న కోడలికి వేస్తే జవాబు అత్త దగ్గర్నుంచి వస్తుంది. "నిద్ర పడుతోందా?" అంటే, "మంచిగ పండుతది సార్." "కాళ్లు వాస్తున్నాయా?" అంటే, "గసొంటియి ఏం లేవు." నేను అడుగుతున్నంతసేపూ ఆ పిల్ల గోడ మీద క్యాలెండర్ చదివింది.

బీపీ కొంచెం పైకి ఉంది కానీ హద్దులోనే. నార్మల్ అని రాశాను. పడుకోబెట్టి చూడలేదు. మంచం మీద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ల పెట్టెలున్నాయి.

మీ సాత్విక్


ఉప్పల్,
జూలై మొదట్లో

సాత్విక్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో నీ కష్టాలు పేజీన్నర, ఆమె కష్టాలు సున్నా. ఆమె గురించి రాయమంటే నీ గురించి రాశావు.

మంచం మీద పెట్టెలున్నాయట! పెట్టెలు దింపడానికి కూడా నేనే రావాలా? ఆ మంచం తలుపుకు ఎదురుగా ఉంటుంది, నేను చూశాను. గల్లీలో పోయే ప్రతివాడికీ కనిపించేలా పడుకుని పొట్ట చూపించుకోవడానికి ఆమెకేం ఖర్మ? నువ్వు మగవాడివని కాదురా వాళ్లు భయపడేది. ఆ మంచం మీద నేను పడుకోమన్నా పడుకోరు. ముందు ఒక తెర కట్టు. అత్తను ఏవో గోలీలు తీసుకోమని పద్మశ్రీ దగ్గరికి పంపు, ఆమె తిరిగొచ్చేలోపు కోడలితో మాట్లాడు.

ఇంకొకటి. "కాళ్లు వాస్తున్నాయా" అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. అది రోగం పేరులా వినిపిస్తుంది. మట్టెలు బిగుతుగా ఉన్నాయా అని అడుగు. గాజులు ఎక్కుతున్నాయా అని అడుగు. ఫ్యాక్టరీలో నిలబడి చేస్తావా కూర్చుని చేస్తావా అని అడుగు. బీపీ కొంచెం పైకి ఉంటే తొలిచూలు మనిషికి అది నార్మల్ కాదు, అది ముందుమాట. ఈ సంగతి నువ్వు పారిపోయిన పూటే చెప్పాను.

కోపం తగ్గలేదు. ఆశీస్సులు ఉన్నాయి.

అత్తమ్మ


నాచారం,
ఆగస్టు

అత్తమ్మా,

తెర కట్టాను. దాని వెనక పెద్ద చరిత్ర ఉంది. పైవాళ్లను అడిగితే ఇండెంటు పెట్టమన్నారు, మూడు దుకాణాల నుంచి కొటేషన్లు తెమ్మన్నారు, తెర రంగు ఏదో రాయమన్నారు. ఇది కాదు పని అని పద్మశ్రీ తన పాత చీర తెచ్చి నైలాన్ తాడుకు వేలాడదీసింది. మామిడి పిందెల అంచు చీర. పెట్టెలు నా కుర్చీ వెనక పెట్టుకున్నాను, ఇప్పుడు కుర్చీ వెనక్కి జరగదు. ఆడవాళ్లు లోపలికొస్తున్నారు, పడుకుంటున్నారు. ఇంత చిన్నదానికి ఇన్ని నెలలు ఏం చేశానో నాకే చిరాగ్గా ఉంది.

ఉప్పలమ్మను మందులకు పంపి మట్టెల సంగతి అడిగాను. భాగ్యశ్రీ మొదటిసారి నా మొహం చూసింది.

"తీసేసిన సార్. పడ్తలేవు. అత్తమ్మకు తెల్వకుంట సాక్సులు ఏసుకుంటున్న."

ఈ ఉక్కలో సాక్సులు! తీయించి చూస్తే పాదాలు వేలితో నొక్కితే గుంటలు పడుతున్నాయి. బీపీ హద్దు దాటింది. మూత్రంలో ప్రొటీన్ కొద్దిగా కనిపించింది. అదే రోజు పెద్ద డాక్టర్ దగ్గరికి పంపాను, మాత్రలు మొదలుపెట్టారు. వారం వారం నా దగ్గర బీపీ చూస్తున్నాను, తగ్గింది. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్‌కు స్టూలు ఇవ్వమని చీటీ రాశాను. ఆయన దాన్ని చింపేస్తే రెండోది రాసి నేనే పోయి ఇచ్చాను. ఇచ్చాడు, ఒక కాలు విరిగినది.

ఉప్పలమ్మకు మట్టెల సంగతి తెలిసి నా మీదే విరుచుకుపడింది. "ముత్తైదువ మట్టెలు తీస్తదా సార్? మీరు సదువుకున్నోళ్లు, మీరన్న జెప్పాలె గద!" మాత్రలు మాత్రం ఆమే లెక్కపెట్టి వేయిస్తోందట.

నిన్న పొట్ట చూశాను. మీరు చెప్పినట్టే చేతులు రుద్దుకుని, వెచ్చగా చేసుకుని. తల చేతికి తగిలింది అత్తమ్మా. గుండ్రంగా, గట్టిగా. "ఇదిగో తల" అన్నాను. ఆమె నా చెయ్యి జరిపి తన చెయ్యి పెట్టుకుని, "నిజమా సార్?" అంది. ఇక రాయలేను, బయట లైను అరుస్తోంది.

సాత్విక్


ఉప్పల్,
ఆగస్టు

సాత్విక్,

నీ ఉత్తరం హాల్లో అందరికీ చదివి వినిపించాను. నీ పేరు చెప్పలేదు, చెబితే తలకెక్కుతుంది. విక్రమ్ వెంటనే తన దవాఖానాలో తెర కట్టిస్తానన్నాడు. ఇద్దరు డాక్టర్లు మాత్రం, "ఏ రంగు మేడం?" అని అడిగారు. వీళ్లకు పీజీ సీట్లు వస్తాయి చూడు, అదే నా బాధ.

ఆ పిల్ల బీపీ మీద నుంచి కన్ను తీయకు. ఇలాంటివి తగ్గినట్టే ఉండి ఎనిమిదో నెలలో ఎగబాకుతాయి. మాత్రలు ఒక్క రోజు కూడా ఆగకూడదు.

మొదటిసారి అలా తల చేతికి తగిలినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఆ రోజు నేను అన్నం తినలేదు సంతోషంతో. నీ సంగతి మాత్రం నిన్న మీ నాన్నకు ఫోన్ చేసి చెప్పాను.

అత్తమ్మ


నాచారం,
సెప్టెంబర్

అత్తమ్మా,

ఈ ఆడవాళ్లతో నేను వేగలేను. పొద్దున దవాఖానాకు వచ్చేసరికి ఎదురింటి ముందు షామియానా. ఏంటని చూస్తే భాగ్యశ్రీకి ఒడి నింపుతున్నారు. పట్టుచీర, పసుపు, గాజులు, ఉప్పు తినొద్దని నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పిన పిల్ల చేతిలో పులిహోర. నన్ను చూసి నవ్వింది. మధ్యాహ్నం ఓపీ అయ్యాక చూస్తే షామియానా లేదు, ఆమె లేదు. తల్లి వచ్చి తీసుకుపోయిందట. నాతో ఒక్క మాట చెప్పలేదు. ఇన్ని వారాలు చూశాక పోతూ పోతూ తొంగిచూడాలి కదా? అలిగానని అనుకోండి, అలిగాను.

రెండు వారాల మాత్రలు పోయినసారే ఇచ్చాను. జనగామ దిక్కు పీహెచ్‌సీకి ఫోన్ చేసి ఇలా బీపీ ఉన్న గర్భిణి మీ వైపు వచ్చిందని చెప్పాను. "వస్తే చూస్తం సార్," అన్నారు. ఊరి పేరు అడిగితే కనుక్కుని చెబుతానన్నాను.

ఉత్తరాలకు ఇంకొకామెను ఎంచుకోవచ్చా? దీప అని ఉంది, రెండో కాన్పు, రక్తం తక్కువ. ఈమె అయినా చెప్పి పోతుందేమో చూస్తాను.

సాత్విక్


ఉప్పల్,
సెప్టెంబర్

సాత్విక్,

అలిగేందుకు నువ్వేం వియ్యంకుడివా? తొలి కాన్పు తల్లిగారింట్లోనే. అది మన చేతిలో లేదు. నా కాలంలోనూ ఇంతే, ఏడో నెల దాటితే మనుషులు మాయమయ్యేవాళ్లు. అక్కడి వాళ్లకు చెప్పావు కాబట్టి నీ పని అయింది. దీపను రాసుకో.

నాకు ఇక్కడ బుర్ర తినేస్తున్నారు. కొత్త బ్యాచ్ వచ్చింది, పాతవాళ్ల సందేహాలు పోలేదు. నిన్న క్లాసు మధ్యలో విక్రమ్ ఫోన్. "మేడం, పక్క దవాఖానా కార్డు పట్టుకొని మా దగ్గరికొచ్చిన్రు, ఏం జేయాలె?" అని. మొన్ననే ఇంకొకడు ఇదే అడిగాడు. ఎవరికి వాళ్లు చిన్న సందు దొరికితే పేషెంట్లను పక్కవాడి మీదికి తోసేద్దామని చూస్తున్నారు. రూల్ ఏం చెప్పానో మళ్లీ చదువుకో, కార్డు ఎక్కడిదైతే అక్కడికే పంపు అని పెట్టేశాను. చెప్పిందే ఎన్నిసార్లు చెప్పాలి నేను?

దీపకు ఐరన్ మాత్రలు టీతో వేసుకోవద్దని చెప్పు.

అత్తమ్మ


పెద్దాసుపత్రి వరండా,
అక్టోబర్

డాక్టర్ దుర్గాభవాని గారికి,

అత్తమ్మా అని రాయబుద్ధి కాక పేరు రాశాను.

ఈ రోజు పొద్దున ఉప్పలమ్మ మోకాళ్ల నొప్పులకు గోలీల కోసం వచ్చింది. ఊర్లో కోడలు ఎలా ఉందని మాటవరసకు అడిగాను.

"ఏ ఊర్ల సార్?" అంది.

"జనగామ దిక్కు. తల్లిగారింటికి పోయింది కదా."

"ఆడెవ్వరున్నరు సార్? ఇల్లు కూలి ఏండ్లాయె. వాళ్లవ్వ గీడనే ఉప్పల్‌ల ఉంటది, చిలుకానగర్‌ల. ఇస్త్రీ బండి వెట్టుకున్నది."

చిలుకానగర్. మీ హాలు నుంచి నడిచి పోవచ్చు. నా దగ్గర్నుంచి షేర్ ఆటోలో రెండు పాటలు అయ్యేలోపు దిగిపోతాం. లైను మొత్తం తిట్టుకుంటుంటే ఓపీ వదిలేసి ఆటో ఎక్కాను. చంద్రశేఖర్‌కు ఫోన్ చేసి ఇల్లు ఎక్కడో తెలుసుకున్నాను.

తల్లి శ్యామలమ్మ బయట ఇస్త్రీ చేస్తోంది. భాగ్యశ్రీ లోపల తలకు చున్నీ బిగించి కట్టుకుని పడుకుని ఉంది. కళ్లు పూర్తిగా తెరుచుకోవడం లేదు, మొహం అంత వాచింది. "లైటు ఏస్తె కండ్లల్ల మెరుపులొస్తున్నయి సార్. పొద్దటిసంది తల పగిలిపోతున్నది," అంది. బీపీ నూట డెబ్బై దాటింది. కింది అంకె నూట పదహారు. మాత్రలు ఎప్పుడో అయిపోయాయి.

శ్యామలమ్మ మీద అరిచాను. మాత్రలు అయిపోతే నా దగ్గరికి ఎందుకు తీసుకురాలేదు అని. ఆమె ఇస్త్రీ పెట్టె పక్కనపెట్టి నాకంటే గట్టిగా అరిచింది.

"ఎట్ల తీస్కరావాలె సార్? ఒడి నింపి తెచ్చుకున్న బిడ్డను, కాన్పు గాకముందే మల్ల అత్తగారి గడప ముంగటికి తీస్కపోతరా ఎవ్వలన్న? మీ దవాఖానా వాళ్లింటికి ఎదురుంగనే ఉండె! గందుకే గీడి దవాఖానకు పోయినం. రెండుసార్లు పోయినం. కార్డు నాచారందట, ఆడికే పొమ్మన్నరు. బీపీ సూడున్రి సారూ అని నా బిడ్డ అడిగితె, సూడొద్దని రూల్ ఉన్నదన్నరు!"

ఆ దవాఖానా విక్రమ్‌ది.

ఆటోలో అక్కడికే తీసుకుపోయాను, దగ్గర అదే కాబట్టి. విక్రమ్ కార్డు చూసి, "అన్నా, మేడంను అడిగిన, మేడమే చెప్పిన్రు..." అని మొదలుపెట్టి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. అన్యాయంగా రాయకూడదు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను, మూర్ఛ రాకుండా ఇవ్వాల్సిన ఇంజక్షన్ మీరు నేర్పినట్టే, ఒక్క చుక్క తేడా లేకుండా ఇచ్చాడు. అంబులెన్స్ అతనే పిలిచాడు. అయినా దారిలో ఒకసారి మూర్ఛ వచ్చింది. పక్కకు తిప్పి పట్టుకుని కూర్చున్నాను. ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. రెండు కిలోలు కూడా లేదు, గాజు పెట్టెలో పెట్టారు. భాగ్యశ్రీ ఇంకా కళ్లు తెరవలేదు.

నా తప్పు నాకు తెలుసు. ఊరి పేరు కనుక్కుంటానని కనుక్కోలేదు. ఎదురింటికి పోయి ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. తల్లిగారిల్లు అనగానే ఊరు అనుకున్నాను, మీరూ అనుకున్నారు. కానీ ఆమె రెండుసార్లు తనంతట తాను ఒక డాక్టర్ ముందు నిలబడింది మేడం. మీ దగ్గర శిక్షణ పొందిన డాక్టర్ ముందు. మీ రూలే ఆమెను వెనక్కి పంపింది.

సాత్విక్


ఉప్పల్,
అక్టోబర్

సాత్విక్,

నీ ఉత్తరం అందింది. నీకు కోపం రావడం సహజం. కానీ ఆ రూల్ ఎందుకు పెట్టానో నీకు పూర్తిగా తెలియదు. "మా ఏరియా కాదు" అని తరిమితే మూడు దవాఖానాలు తిరిగి, మెట్ల మీదే కాన్పయినవాళ్లను నేను చూశాను. అది ఆపడానికి పెట్టిన రూల్ అది. బాధ్యత ఎవరిదో తేలాలని పెట్టాను. బీపీ చూడొద్దని నేను ఎవరికీ చెప్పలేదు. కార్డు ఎక్కడిదైతే అక్కడికి పంపమన్నానే తప్ప, వాచిన మొహంతో వచ్చిన మనిషిని చూడకుండా పంపమన్నానా? విక్రమ్‌కు బుర్ర లేదా? నువ్వు ఊరి పేరు అడగకపోవడం నా రూలేనా? ఇద్దరు ఎంబీబీఎస్‌లు కలిసి ఒక బీపీ చూడలేకపోతే దానికి ఈ ముసలిది బాధ్యురాలా?

నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తు.

దుర్గాభవాని


పెద్దాసుపత్రి,
అక్టోబర్

మేడం,

భాగ్యశ్రీ కళ్లు తెరిచింది. బీపీ దిగుతోంది. పాప పాలు తాగుతోంది, చెంచాతో.

మీ ఉత్తరంలో రాసిన ప్రశ్నలన్నీ మీరే వచ్చి ఆమెను అడగండి.

సాత్విక్


ఉప్పల్,
అక్టోబర్ ఆఖరు

సాత్విక్,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఇది రామస్వామి చేతికిచ్చి, ఎక్కడా ఆగకుండా తెచ్చి నీ చేతిలోనే పెట్టమన్నాను. చదివినాక చింపెయ్, దాచుకో, నీ ఇష్టం. ముందు చివరిదాకా చదువు.

నిన్న ఆసుపత్రికి పోయాను. వార్డు బయట ఉప్పలమ్మ, శ్యామలమ్మ కొట్టుకునేంత పని చేస్తున్నారు. "ఒడి నింపి పంపినంక మీ జిమ్మ, మీదే బాధ్యత!" అని ఉప్పలమ్మ. "లగ్గం జేసి ఇచ్చినంక మీ మనిషే!" అని శ్యామలమ్మ. ఇద్దరినీ గదమాయిద్దామని నోరు తెరిచాను. తెరిచినదాన్ని మూసుకుని లోపలికి పోయాను. వాళ్లిద్దరూ అంటున్నది నా రూలే కదా.

భాగ్యశ్రీ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. నువ్వు చెప్పగా చెప్పగా నాకు ఆమె నోరు లేని పిల్లగా గుర్తుండిపోయింది. నేను డాక్టర్ల టీచర్‌ను అని చెప్పుకున్నాను. నా రూల్ సంగతి, దాని మంచి ఉద్దేశం, అన్నీ నీకు రాసినట్టే ఆమెకూ వివరించడం మొదలుపెట్టాను. కాసేపు విన్నది.

"అమ్మా, జర ఆగున్రి," అంది. "నన్ను పొమ్మన్న సారు మీ దగ్గరనే నేర్చుకున్నడా?"

అవునన్నాను.

"ఇంక ఎంతమందికి నేర్పిన్రు?"

తిట్టి ఉంటే బాగుండేది. శాపనార్థాలు పెట్టి ఉంటే తలవంచుకుని వచ్చేదాన్ని. ఆమె కోపంతో అడగలేదు, నిజంగా తెలుసుకుందామని అడిగింది. జవాబు కోసం చూసి చూసి, ఇంకేం అడగకుండా పాపకు పాలు పట్టే వేళయిందని నర్సును పిలిచింది. నేను లేచి వచ్చేశాను.

ఆటోలో ఇంటికి వస్తూ లెక్కేసుకుంటే నాలుగు బ్యాచ్‌లు తేలాయి. ఒక్కొక్కరికీ ఒక్కో బస్తీ. అందరికీ ఇదే రూల్, నా నోటితోనే, వేలు చూపించి మరీ నేర్పాను. నీ మీద, విక్రమ్ మీద అరిచిన అరుపులన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు చేసినది నిర్లక్ష్యం, వాడు చేసినది పిరికితనం. నేను చేసినది రూలు. మీ తప్పులు మీతో ఆగిపోతాయి, నాది నాలుగు బ్యాచ్‌ల వెంట పోయింది.

ఈ రోజు పొద్దున క్లాసు పెట్టలేదు. రిజిస్టర్ ముందు పెట్టుకుని మొదటి బ్యాచ్ నుంచి ఒక్కొక్కరికీ ఫోన్లు మొదలుపెట్టాను. ఆ రూల్ తీసేశాను, కార్డు ఏ ఊరిదైనా మీ గడప తొక్కిన మనిషిని చూసే పంపండి, అవసరమైతే వెంట పోండి అని చెబుతున్నాను. చాలామంది "సరే మేడం" అంటున్నారు. కొందరు, "మళ్లీ మార్చిన్రా?" అని విసుక్కుంటున్నారు. విసుక్కోనీ.

ఇంతదాకా రాశాక, ఇప్పుడే హిమజతో మాట్లాడాను. నీకు గుర్తుందో లేదో, ఘట్‌కేసర్‌లో పనిచేస్తుంది, మీ మొదటి బ్యాచ్‌లోనే ముందు వరుసలో కూర్చుని అన్నీ రాసుకునే పిల్ల. రూల్ తీసేశానని చెప్పగానే ఆ పిల్ల నా మాటకు అడ్డొచ్చింది.

"మేడం, నిన్ననే ఒకామె వచ్చింది," అంది. "ఎనిమిదో నెల. తల్లిగారింటికి వచ్చిందట. కార్డు రామంతాపూర్‌ది. మీరు చెప్పినట్టే పంపించిన."

"పేరేంటి?"

"మన కార్డు కాదు కదా మేడం, రాసుకోలేదు."

"బీపీ చూశావా?"

"లేదు మేడం."

నేను ఇప్పుడే ఘట్‌కేసర్ పోతున్నాను. హిమజ దవాఖానా మూసి రోడ్డు మీద నిలబడి ఉంటానంది, ఇద్దరం ఇల్లిల్లూ అడుగుతాం. నువ్వు ఉత్తరం చదవగానే ఓపీ పద్మశ్రీకి అప్పజెప్పి రామంతాపూర్ పో. అక్కడి డాక్టర్ ఫోన్ కలవడం లేదు, దగ్గరుండి ఎనిమిదో నెల కార్డులన్నీ తీయించి, కాన్పుకు ఘట్‌కేసర్ వైపు పోయిన ఆమె ఎవరో కనుక్కో, నాకు ఫోన్ చెయ్. నా మీద కోపం తర్వాత పడుదువు గాని.

ఆమెను ఎలా గుర్తుపట్టాలని హిమజను అడిగాను. సన్నటి మనిషట, ఆకుపచ్చ చీరట, స్టేషన్ వైపు నడుచుకుంటూ పోయిందట. ఇంకేమైనా గుర్తుందా అంటే, "మొహం మాత్రం బాగా వాచి ఉండె మేడం," అంది.

దుర్గాభవాని